బాడుగ బళ్ళ వెంట: లండన్ నుంచి వియన్నా దాకా

ఇంటికొచ్చాం గానీ పెట్టెలు ఇంకా పూర్తిగా సర్దలేదు. విన్న మాటలు చెవిలో ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను. లండన్‌లో మా అబ్బాయి, బెర్లిన్‌లో మేనకోడలు ఉంటారు. వాళ్ళని చూడ్డానికి వెళ్తూ, ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న మరో పని కూడా పెట్టుకున్నాను. అద్దె గుర్రాలకీ అద్దె బళ్ళకీ టాక్సీలకీ ఇంగ్లీషువాళ్ళూ జర్మన్లూ పెట్టుకున్న పేర్లు ఏ వీధుల్లో పుట్టాయో అక్కడికే వెళ్ళి చూడాలని. గోదావరి స్టేషన్ బయట జట్కాలు బారులు తీరిన కాలంలో రాజమండ్రిలో పెరిగినవాణ్ణి. బండి తోలే మనిషంటే నాకు అప్పటి నుంచీ గౌరవం.

మే 6, లండన్, రస్సెల్ స్క్వేర్

పార్కు మూలన, రోడ్డు అంచునే ఆకుపచ్చ రంగు చెక్క గది. కిటికీ తలుపు పైకి లేపి కట్టారు. లోపలి నుంచి టీ ఆవిరి, గుడ్డు వేగుతున్న వాసన. దీన్ని క్యాబ్‌మెన్స్ షెల్టర్ అంటారు. లోపల కూర్చుని తినే హక్కు లైసెన్సున్న టాక్సీ డ్రైవర్లకే. మిగతావాళ్ళం కిటికీ దగ్గర నిలబడి కొనుక్కోవాలి.

దీని వెనక కథ నాకు చాలా నచ్చింది. గుర్రబ్బళ్ళ రోజుల్లో స్టాండులో బండి వదిలి తోలేవాడు పక్కకు వెళ్ళకూడదు. వానొచ్చినా మంచు పడినా పెట్టె మీదే, అంటే బండి మీద తోలేవాడి సీటులోనే కూర్చోవాలి. వేడిగా ఏమన్నా కడుపులో పడాలంటే ఎవరికో డబ్బులిచ్చి గుర్రాన్ని అప్పజెప్పి సారా కొట్టుకి పోవడమే. 1875లో షాఫ్ట్స్‌బరీ ప్రభువు, ఒక పత్రికా సంపాదకుడు, మరికొందరు దాతలు కలిసి నిధి పోగుచేసి ఈ గదులు కట్టించడం మొదలుపెట్టారు. రోడ్డు మీద కడుతున్నారు కాబట్టి గుర్రం, బండి పట్టేంత చోటుకి మించకూడదని పోలీసుల షరతు. ఆ ఇరుకులోనే పొయ్యి, బల్లలు, పది పన్నెండుమంది మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే వీలు. తాగుడు, జూదం, బూతులు నిషేధం. మొత్తం 61 కట్టారు, ఇప్పుడు 13 మిగిలాయి.

కిటికీలో ఉన్న పెద్దావిడ అందర్నీ "లవ్" అని పిలుస్తోంది. మా ఆవిడని కూడా అలాగే పిలిచి, టీలో పాలు ఎక్కువ పోయాలా అని అడిగింది. మా ఆవిడకి ఎంత నచ్చేసిందంటే, లండన్‌లో ఉన్నన్నాళ్ళూ టీ అక్కడే తాగుదామంది. గుడ్డు పెట్టిన మెత్తటి రొట్టె, పుల్లటి గోధుమరంగు సాస్, పెద్ద కప్పులో టీ. ఇద్దరికీ కలిపి పది పౌండ్ల లోపే. ఆ ఊళ్ళో అది చవకే.

లోపల తిని బయటికొచ్చిన ఒక డ్రైవరు మేం మెడలు చాచి లోపలికి చూడ్డం గమనించి ఆగాడు. అరవై దాటినట్టున్నాడు. మెడలో ఆకుపచ్చ బ్యాడ్జి. లండన్ అంతటా తిరిగే హక్కుకి అది గుర్తు. పసుపు బ్యాడ్జి వాళ్ళకి శివార్లలో కొంత మేరే. ఆ బ్యాడ్జి కోసం వీళ్ళు చదివే చదువుని "ది నాలెడ్జ్" అంటారు. 1865 నుంచి ఉన్న పరీక్ష ఇది. చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ళలో సుమారు 25,000 వీధులు, 320 దార్లు నోటికి రావాలి. ఇతను నాలుగేళ్ళు మోపెడ్ మీద, హ్యాండిల్‌కి అట్ట, అట్ట మీద కాగితం పెట్టుకుని వానలో తిరిగాడట. "మొదటి దారి చెప్పండి" అన్నాను. వెంటనే నిటారుగా నిలబడ్డాడు. మానర్ హౌస్ స్టేషన్ నుంచి గిబ్సన్ స్క్వేర్‌కి. గ్రీన్ లేన్స్ అంటూ మొదలుపెట్టి, ఎడమ, కుడి, ముందుకి అంటూ వీధి వెంట వీధి చెప్పుకుంటూ పోయాడు, కళ్ళు సగం మూసుకుని. ఇలా చెప్పడాన్ని వాళ్ళు "కాలింగ్ ఓవర్" అంటారు. పరీక్ష పేరు "అప్పియరెన్స్". సూటు వేసుకుని ఎదురుగా కూర్చుని, "సర్" అంటూ జవాబు చెప్పాలి. ఫోన్‌లో మ్యాప్ ఉండగా ఇదంతా ఎందుకని మా అబ్బాయి అడిగాడు. "ఫోన్‌కి దారి తెలుసు బాబూ, ఊరు తెలీదు" అని ఆయన నవ్వాడు. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. మర్నాడు ఒక రోడ్డు మూసేసి ఉంటే వేరే డ్రైవరు స్క్రీను వైపు చూడకుండానే మూడు సందులు మార్చి మమ్మల్ని దించేశాడు.

మే 7, స్ట్రాండ్

ఆ దింపడం కూడా ఒక మూలనే. ఎందుకంటే స్ట్రాండులో సెయింట్ మేరీ చర్చి ముందు భాగాన్ని 2022 చివర్లో కాలినడక వాళ్ళకి వదిలేశారు. నేను చూడాలనుకున్నది సరిగ్గా ఆ చోటే. ఇప్పుడు చర్చి ఉన్న ప్రాంతంలో అప్పట్లో ఉత్సవాలకి పాతే పొడవాటి స్తంభం ఉండేది. 1634లో కెప్టెన్ బెయిలీ అనే సముద్రయానం చేసిన మనిషి దాని దగ్గర నాలుగు అద్దె బళ్ళు నిలబెట్టి, తోలేవాళ్ళకి ఒకే రకం దుస్తులిచ్చి, ఎక్కడికి ఎంతో రేటు ముందే చెప్పి నడిపించాడు. లండన్‌లో మొదటి బళ్ళ స్టాండు అదే. ఇప్పుడు అక్కడ కుర్చీలు, పూలకుండీలు, లంచ్ డబ్బాలు తెరుచుకున్న ఆఫీసు పిల్లలు. టాక్సీకి ప్రవేశం లేదు. మొదటి స్టాండు ఇక్కడుండేదని ఒక చిన్న పలక అయినా పెట్టాలని నాకు గట్టిగా అనిపించింది.

ఆ బళ్ళని హాక్నీ బళ్ళన్నారు. నేటికీ లండన్ నల్ల టాక్సీకి చట్టంలో పేరు హాక్నీ క్యారేజే. వెనక తెల్లటి పలక మీద లైసెన్సు నంబరు, ఎంతమంది ఎక్కచ్చో అంకె ఉంటాయి. హాక్నీ ఇప్పుడు లండన్‌లో తూర్పు పేట. ఒకప్పుడు పచ్చిక మేసే ఊరు. కుదుపు లేకుండా నడిచే మామూలు సవారీ గుర్రాన్ని హాక్నీ అనేవారు. ఫ్రెంచిలో కూడా దగ్గర మాటే ఉంది. ఊరి పేరే గుర్రానికి వచ్చిందని కొందరు పండితులు, ఫ్రెంచి నుంచని కొందరు. గుర్రం అద్దెకు తిరిగి తిరిగి అరిగిపోయేది కాబట్టి, అరిగిపోయిన మాటని "హాక్నీడ్" అన్నారు. కూలికి రాసే రచయితని "హ్యాక్" అన్నారు. ఆ గుర్రం పడ్డ శ్రమ అంతా తిట్టుగా మారడం నాకు బాధే అనిపించింది.

"క్యాబ్" మాట కాస్త సరదాగా పుట్టింది. 1820లలో పారిస్ నుంచి తేలికైన రెండు చక్రాల బండి వచ్చింది, కాబ్రియోలే. గతుకుల్లో మేకపిల్లలా ఎగిరేదని ఆ పేరు. లాటిన్‌లో మేకకి ఉన్న మాటే దానికి మూలం. లండన్‌వాళ్ళు దాన్ని క్యాబ్ అని కుదించారు. హైదరాబాద్‌లో మనం "క్యాబ్ బుక్ చేశా, రెండు నిమిషాల్లో వస్తోంది" అనేది ఈ మాటే. 1834లో జోసెఫ్ హాన్సమ్ అనే వాస్తుశిల్పి ఇంకో బండికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని తర్వాత ఇతరులు బాగుచేశారు. తోలేవాడు వెనక ఎత్తు మీద కూర్చుంటాడు, పగ్గాలు కప్పు మీదుగా వెళ్తాయి, మాట్లాడాలంటే కప్పులో చిన్న తలుపు. నాలుగు చక్రాల పాత బండి రాళ్ళ వీధిలో గుర్రుమంటూ వెళ్ళేది గనక దానికి "గ్రౌలర్" అని పేరు. 1897లోనే ఇక్కడ కరెంటు టాక్సీలు కూడా తిరిగాయి. చప్పుడు విని వాటిని "హమ్మింగ్‌బర్డ్" అన్నారు. కొన్నాళ్ళకే ఆగిపోయాయి. ఇవాళ మేం ఎక్కింది మళ్ళీ కరెంటు బండే.

మధ్యాహ్నం స్ట్రాండు మీద ఇండియా క్లబ్‌లో దోసె తిందామని అడిగితే, "అది 2023లోనే మూసేశారు నాన్నా" అన్నాడు మా అబ్బాయి. కృష్ణ మేనన్ పేరుతో ముడిపడిన చోటు. తలుపు వరకైనా వెళ్ళి చూసొచ్చాం. భోజనం పక్క సందులో, బంగాళాదుంప, లీక్ అనే ఉల్లికాడ లాంటి కూర లోపల పెట్టి కాల్చిన "పై" అనే పిండివంటతో సరిపెట్టుకున్నాం.

మే 9, కేంబ్రిడ్జ్

ఇక్కడికి వచ్చింది ఒక గుర్రాల సాయిబు కోసం, అంటే మన భాషలో చెప్పాలంటే. థామస్ హాబ్సన్. 1631లో చనిపోయాడు. కేంబ్రిడ్జికీ లండన్‌కీ మధ్య ఉత్తరాలు, సరుకులు మోసే బళ్ళు నడిపేవాడు. ఖాళీగా ఉన్న గుర్రాల్ని విద్యార్థులకి అద్దెకిచ్చేవాడు. నలభై దాకా గుర్రాలుండేవంటారు. కుర్రాళ్ళు ఎప్పుడూ చురుకైనదే కావాలనేవారు. దాన్ని పరిగెత్తించి చంపేసేవారు. హాబ్సన్ ఒక నియమం పెట్టాడు. తలుపు పక్కన ఏ గుర్రం ఉంటే అదే. తిరిగొచ్చింది వరసలో చివరికి పోతుంది. నచ్చితే తీసుకో, లేకపోతే నడిచిపో. వేరే దారి లేని ఎంపికని ఇంగ్లీషులో "హాబ్సన్స్ చాయిస్" అంటారు కదా, అది ఈయనదే.

ఆ మాటని అందరూ మొండితనంగా వాడతారు. నాకు మాత్రం ఇందులో మొండితనం కనబడలేదు. ప్రతి గుర్రానికీ అంతే పని, అంతే విశ్రాంతి. డబ్బున్న పిల్లాడి ముచ్చట కంటే మూగజీవం ఊపిరి ముఖ్యమనుకున్న మనిషి. స్టేషన్ బయట టాక్సీల వరసలో నేను నాలుగో బండి దగ్గరికి వెళ్తే, ఆ డ్రైవరు మొదటి దాని వైపు చెయ్యి చూపించాడు. మన ఆటో స్టాండుల్లోనూ అదే న్యాయం.

ట్రంపింగ్టన్ వీధికి రెండు పక్కలా లోతైన రాతి కాలవల్లో తేటగా నీళ్ళు పారుతున్నాయి. 1614లో ఊరికి మంచినీళ్ళు తెచ్చిన కాలవలో హాబ్సన్ చెయ్యి ఉంది, ఇప్పటికీ ఆయన పేరే. లెన్స్‌ఫీల్డ్ రోడ్డు మూలన పాత ఫౌంటెన్ రాతి మండపం నిలబెట్టారు. మా ఆవిడ కాలవ గట్టున కూర్చుని నీళ్ళలో వేళ్ళు ముంచింది. ఒక సైకిలు కుర్రాడు ఆగి, "జాగ్రత్త, టూరిస్టుల కార్లు ఇందులో పడుతుంటాయి" అని చెప్పి వెళ్ళాడు. దగ్గరే ఫిట్జ్‌బిల్లీస్ బేకరీలో చెల్సీ బన్ను తిన్నాం. పాకం చేతులకి అంటుకుని ఒక పట్టాన వదల్లేదు. దాల్చిన చెక్క, ఎండుద్రాక్ష. ఒకటి ఇద్దరికి చాలు.

హాబ్సన్ ప్లేగు వల్ల ప్రయాణాలు ఆపించేసిన రోజుల్లో చనిపోయాడు. పని లేకపోవడమే ఆయన్ని చంపిందని, అప్పుడు ఇక్కడే చదువుకుంటున్న కవి మిల్టన్ పద్యాలు రాశాడు. ఎనభై దాటిన బండివాడి గురించి మిల్టన్ రాయడం! ఏ జమీందారుకి దక్కింది ఆ భాగ్యం?

మే 12, బెర్లిన్

మా మేనకోడలు స్టేషన్‌కి వచ్చింది. ఆటోలు లేని ఊళ్ళో టాక్సీ ఎక్కే పద్ధతి ముందు నేర్పింది. "మామయ్యా, స్టాండులో ఎక్కకు. రోడ్డు మీద వస్తున్నదాన్ని చెయ్యి ఊపి ఆపు. ఎక్కగానే, మీటరు వెయ్యకముందే, 'కుర్త్స్‌ష్ట్రెకె' అను." దగ్గర దూరం అని అర్థం. రెండు కిలోమీటర్ల లోపు ఒకే రేటు. అన్నాను. డ్రైవరు తలూపి మీట నొక్కాడు. ఆరు యూరోలు. టర్కీ నుంచి తాత వచ్చాడట, తను పుట్టింది ఇక్కడే. వరసలో నిలబడి ఎదురుచూసే డ్రైవరుకి దగ్గర బేరం నష్టం కాబట్టి స్టాండులో ఆ రేటు ఉండదని వివరించాడు. రెండు వైపులా ఆలోచించి పెట్టిన పద్ధతి.

జర్మన్ టాక్సీలు ఎక్కువగా లేత దంతపు రంగులో ఉంటాయి, 1971 నుంచి. అంతకుముందు నలుపు. బెర్లిన్ పాతవాళ్ళు టాక్సీ అనరు, "టాక్సె" అంటారు. దానికి ముందు ఇక్కడ అద్దె బండి పేరు "ద్రోష్కె". రష్యన్ల "ద్రోజ్‌కీ" పోలండు మీదుగా వచ్చి ఈ ఊరి సొంతమైంది. మోటారు వచ్చాక కూడా సర్కారు కాగితాల్లో చాలాకాలం "క్రాఫ్ట్‌ద్రోష్కె", అంటే యంత్రపు ద్రోష్కె అనే రాసుకున్నారు.

బెర్లిన్‌లోనే పోట్స్‌డామర్ వంతెన దగ్గర ఒక ద్రోష్కెవాడి కంచు విగ్రహం ఉంది. గుస్తాఫ్ హార్ట్‌మన్. జనం పెట్టిన పేరు ఐరన్ గుస్తాఫ్. వాన్‌జే పేటలో బళ్ళు నడిపేవాడు. మోటారు టాక్సీలు తన వృత్తిని మింగేస్తుంటే, 1928 ఏప్రిల్ 2న గ్రాస్‌ముస్ అనే గుర్రాన్ని కట్టుకుని, ఒక విలేకరిని ఎక్కించుకుని పారిస్‌కి బయల్దేరాడు. జూన్ 4న, తన 69వ పుట్టినరోజున చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్ళే. శత్రుదేశపు బండివాడికి పారిస్ జనం వీధుల్లో నిలబడి జేజేలు కొట్టారు. విగ్రహం పక్కన ట్రాఫిక్ జోరుగా పోతోంది, ఎవరూ తల తిప్పలేదు. మేం మాత్రం చాలాసేపున్నాం. మా మేనకోడలికి ఆ కథ తెలీదు. విని, ఫోన్‌లో గుర్రం ఫొటో వెతకడం మొదలుపెట్టింది.

రాత్రి డోనర్. వేడి రొట్టెలో మాంసం, ఎర్ర క్యాబేజీ, వెల్లుల్లి పెరుగు. ఏడు యూరోలు, కడుపు నిండిపోయింది.

మే 15, రేగెన్స్‌బుర్గ్

ట్రైను ఆలస్యం, వాన, జారే రాళ్ళు. త్వరగా చెప్పేస్తాను. టూర్న్ ఉంట్ టాక్సిస్ వంశం వాళ్ళ భవనం ఈ ఊళ్ళోనే. ఇటలీలో బేర్గమో ప్రాంతం నుంచి వచ్చి, గుర్రాలు మార్చుకుంటూ ఉత్తరాలు మోసే పనితో యూరప్‌లో పెద్ద సంస్థానాధీశులయ్యారు. 1615లో అప్పటి పవిత్ర రోమన్ సామ్రాజ్యపు తపాలా పదవి వారసత్వంగా దక్కింది. 1867లో జర్మన్ రాజ్యమైన ప్రష్యా ఆ తపాలాని తీసేసుకుంది. టాక్సీ అనే మాట వీళ్ళ పేరు నుంచే వచ్చిందని చాలామంది నమ్ముతారు. కాదు. టాక్సిస్ అంటే వీళ్ళ పాత ఇంటిపేరు టాస్సో, ఇటాలియన్‌లో ఒక బొరియ జంతువు. ఆ జంతువు బొమ్మే వంశ చిహ్నంలో ఉంది. టాక్సీ మాత్రం "టాక్సె" అనే మామూలు జర్మన్ మాట నుంచి, అంటే నిర్ణయించిన రుసుము. ఆ రుసుము లెక్కగట్టే "టాక్సామీటర్" 1891లో జర్మనీలో ఫ్రీడ్రిష్ బ్రూన్ చేతిలో రూపు దిద్దుకుంది. 1897లో ష్టుట్‌గార్ట్‌లో గ్రైనర్ అనే బళ్ళ యజమాని దాన్ని బిగించిన డైమ్లర్ మోటారు బండిని తిప్పాడు. 1907లో లండన్ కూడా మీటరు తప్పనిసరి చేసింది.

ఈ యాత్రలో నాకు గట్టిగా అనిపించింది ఇదే. దారి మధ్యలో తగువు లేకుండా, ఎక్కినవాడి పరువూ తోలినవాడి పరువూ కాపాడిన వస్తువు మీటరు. "మీటర్ మీద ఇరవై ఇవ్వండి" అనే మాట మన ఊళ్ళలో విన్నప్పుడల్లా నాకు డ్రైవరు మీద కోపం రాదు, రేటు ఏళ్ళ తరబడి పెంచని వాళ్ళ మీద వస్తుంది.

రాతి వంతెన పక్కన వుర్స్ట్‌కుహ్ల్ అనే హోటల్లో బొగ్గుల మీద కాల్చిన సన్న సాసేజీలు, పుల్లటి క్యాబేజీ, తియ్యటి ఆవ పచ్చడి. మా ఆవిడ క్యాబేజీ, రొట్టె మాత్రం తిని, "దీంట్లో కాస్త పచ్చిమిరపకాయ పడితేనా!" అంది.

మే 17, వియన్నా

ష్టెఫాన్స్‌ప్లాట్స్‌లో పెద్ద చర్చి గోడ నీడన బళ్ళు బారు తీరి ఉన్నాయి. జత గుర్రాలు, చెవులకి అల్లిన ఊలు టోపీలు, పెట్టె మీద గుండ్రటి నల్ల టోపీ పెట్టుకున్న తోలేవాళ్ళు. బండిని "ఫియాకర్" అంటారు, తోలేవాణ్ణీ ఫియాకర్ అనే అంటారు. బండినీ మనిషినీ ఇక్కడివాళ్ళు వేరు చెయ్యలేదు.

పేరు ప్యారిస్ నుంచి వచ్చింది. పదిహేడో శతాబ్దంలో నికోలా సోవాజ్ అనే ఆయన సెయింట్ ఫియాక్ర్ పేరున్న ఇంటి దగ్గర అద్దె బళ్ళు పెట్టాడు. ఆ సాధువు ఐర్లండ్ వాడు, తోటమాలుల రక్షకుడు. బళ్ళతో మొదట్లో ఏ సంబంధమూ లేదు, స్టాండు అక్కడ పడింది అంతే. వియన్నాలో మొదటి లైసెన్సు 1693లో ఇచ్చారు.

"బాడుగ ఎంతంట, అడగండి" అంది మా ఆవిడ. ఆమెది ప్రొద్దుటూరు, అద్దె అనదు. నలభై నిమిషాల చుట్టుకి వంద యూరోలు. బేరం ఆడే పద్ధతి లేదు, బండికి రేటు పట్టిక వేలాడుతోంది. ఎక్కాం. తోలింది ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. కదిలే ముందు దిగి రెండు గుర్రాల నుదుట అరచెయ్యి పెట్టి, పట్టీలు బిగుతుగా ఉన్నాయేమో చూసి, ఎడమ గుర్రం నోటి దగ్గర ఇనుప కళ్ళెం వేలితో కొంచెం సర్ది, అప్పుడు ఎక్కింది. పగ్గాలు రెండూ ఎడమచేతిలోనే. కుడిచెయ్యి ఖాళీగా, అవసరమైతే అన్నట్టు. ట్రామ్ గంట కొట్టినా గుర్రాలు బెదరలేదు. ఎండ 35 డిగ్రీలు చేరితే బళ్ళు ఆపి ఇంటికి వెళ్ళిపోవాలని చట్టమని చెప్పింది. ఇక్కడ గుర్రబ్బళ్ళే వద్దనే వాళ్ళూ ఉన్నారు. ఆ మాట అడిగితే దాచలేదు. "గుర్రాన్ని చూసి మాట్లాడమనండి, నన్ను చూసి కాదు" అంది. నాకైతే ఆ గుర్రాలు బాగానే ఉన్నాయనిపించింది. కానీ ఈ వాదన ఒక్కరోజు చూసి తేల్చేది కాదు.

పాత రాజభవనం హోఫ్‌బుర్గ్ ద్వారం కింద నుంచి వెళ్తున్నప్పుడు బ్రాట్‌ఫిష్ గురించి చెప్పింది. ఆస్ట్రియా యువరాజు రూడోల్ఫ్‌కి ఇష్టమైన ఫియాకర్. పాడేవాడు, గొప్పగా ఈల వేసేవాడు. 1889లో రూడోల్ఫ్ చివరి ప్రయాణం, మాయర్లింగ్‌లోని వేట విడిదికి, అతని బండిలోనే.

సాయంత్రం ఒక కాఫీ హౌస్‌లో "ఐన్‌ష్పెనర్" తాగాను. ఒంటి గుర్రపు బండికి అదే పేరు. గాజు గ్లాసులో చిక్కటి డికాక్షన్, పైన వేలెడు మందాన మీగడ. ఒక చేత్తో పగ్గాలు, ఒక చేత్తో గ్లాసు పట్టుకున్నవాడికి కాఫీ చల్లారకుండా ఆ మీగడ మూత వేసినట్టుండేదని చెబుతారు. వెయిటరు పక్కనే చిన్న గ్లాసులో నీళ్ళు పెట్టాడు. అది ఇక్కడి మర్యాద, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఇక్కడికి తూర్పుగా బుడాపెస్ట్ దారిలో కోచ్ అనే హంగరీ పల్లె ఉంది. అక్కడి వడ్రంగులు చేసిన బండి పేరే జర్మన్లకి "కుట్షె", ఇంగ్లీషువాళ్ళకి "కోచ్" అయింది. మనం రైల్లో వెతుక్కునే కోచ్ నంబరు ఆ పల్లెదే. టైము లేక వెళ్ళలేదు. ఈసారి వస్తే ముందు అక్కడికే.

రాత్రి భోజనం ఫియాకర్ గులాష్. ఎర్ర మిరప పొడి వేసి గంటల తరబడి ఉడికించిన మాంసం, పైన వేయించిన గుడ్డు, పక్కన చీల్చిన సాసేజీ, ఊరగాయ దోసకాయ, పెద్ద రొట్టె ఉండ. పొద్దున్నించీ చలిలో పెట్టె మీద కూర్చున్నవాడి ఆకలికి తగ్గ పళ్ళెం. పద్దెనిమిది యూరోలు. బండి ఎక్కిన డబ్బుతో ఇలాంటి పూటలు అయిదు గడిచేవని మా ఆవిడ లెక్క తేల్చింది. లెక్క సరైనదే. అయినా మళ్ళీ వియన్నా వెళ్తే నేను బండే ఎక్కుతాను. ఆ అమ్మాయి వరసలో ముందుంటే ఆమె బండే.